ఇంటర్వెల్లో లేచి వచ్చేస్తే ఎలా గురూ?

ఈ వారం ఏ హీరో ఎవరికి కాల్షీట్లిచ్చాడో, ఏ సినిమా ఏ సెంటర్లో ఎన్ని రోజులాడిందో రాయడం లేదు. అలగకండి! ఒక్క వారం నా గోడు వినండి.

రెండేళ్ల క్రితం నాకు డిప్రెషన్ వచ్చింది. మార్నింగ్ షో టిక్కెట్టు చేతిలో పెట్టినా మంచం దిగబుద్ధి కాలేదంటే, నా సంగతి మీరే ఊహించుకోండి. డాక్టరుగారు ఎస్సిటలోప్రామ్ రాశారు. మాత్ర మింగిన మర్నాడే ఈల వేస్తాననుకున్నా. అబ్బే! నాలుగు వారాలు పట్టింది. ఆ తర్వాత అన్నం రుచి తెలిసింది, కామెడీ సీనుకి నవ్వొచ్చింది.

అంతా శుభం అనుకుంటుండగా ట్విస్టు! వేరే పనిమీద ఇ.సి.జి. తీయిస్తే 'క్యూటీ' వ్యవధి కాస్త ఎక్కువగా ఉందన్నారు. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్లీ కొట్టుకోడానికి సర్దుకునే సమయమన్నమాట. అది మరీ పెరిగితే గుండె లయ తప్పొచ్చు. నా మందుకి తోబుట్టువులాంటి సిటలోప్రామ్‌ని రోజుకి 40 మిల్లీగ్రాములు దాటి వాడొద్దని అమెరికా ఎఫ్.డి.ఏ. 2011లోనే హెచ్చరించిందట. ఇంకేం, ఆ రాత్రే మాత్రలు చెత్తబుట్టలోకి విసిరేశా. ఎవర్నీ అడగలేదు. హీరోలం కదా!

మూడోరోజు సెకండ్ షోలో ఉన్నా. తల ఇటు తిప్పితే చాలు, బుర్రలో కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమంది. కళ్లు తిరిగాయి. "తాగొచ్చావా గురూ?" అన్నాడు పక్కసీటువాడు. ఇంటర్వెల్లోనే లేచొచ్చేశా. ఇంటికొచ్చి, తలుపు తీయడం ఆలస్యమైందని చెల్లెలి మీద అరిచా. అది ఏడుస్తూనే నాకు అన్నం పెట్టింది. ఆ ముద్ద గొంతు దిగలేదు.

మర్నాడు అదే నన్ను డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్లింది. తిడతారనుకున్నా. ఆయన తాపీగా, "ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నావా?" అనడిగారు. కడుపుమంటకని రోజూ మందులషాపులో కొనుక్కుని ఓమెప్రజోల్ మింగుతున్నా. ఆ సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు. అది రక్తంలో ఈ మందు మోతాదుని పెంచుతుందట! "నీకు మానాలనుంటే మానేద్దాం. కానీ ఒక్కడివే వద్దు, ఇద్దరం కలిసి మానేద్దాం" అన్నారు.

మెదడు మందుకి అలవాటుపడి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే తిరగబడుతుంది, అంతమాత్రాన అది వ్యసనం కాదు అని విడమరిచి చెప్పారు. కడుపుమంట మాత్ర మార్చి, ఈ మందు సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించి, మధ్యమధ్య ఇ.సి.జి. చూస్తూ, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నాలుగు నెలల్లో మాన్పించారు. ఇప్పుడు ఇ.సి.జి. బాగుంది. నేనూ బాగానే ఉన్నా.

డిప్రెషన్ మళ్లీ వస్తే? రావచ్చు. అప్పుడు నా గుండెకి సరిపడే ఇంకో మందు అడుగుతా. సిగ్గెందుకు? 2015లో దీపికా పదుకొణేయే తన డిప్రెషన్ గురించి టీవీలో చెప్పుకుంది. మనమెంత!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నన్ను చూసి మీ మాత్రలు మానకండి, నన్ను చూసి మొదలుపెట్టకండి. అడగండి. డాక్టరు దొరక్కపోతే 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన ప్రభుత్వ 'టెలి మానస్' అది. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నట్టు, ఆ సినిమా సెకండాఫ్ ఇంకా చూడలేదు. ఈ ఆదివారం చెల్లెల్ని తీసుకెళ్తున్నా. టిక్కెట్లు నావే!