తడి చేతికి ఎన్ని ఓమ్‌లు?

రాగి వాహకం, రబ్బరు బంధకం. బడిలో నేర్చుకున్న ఈ విభజన పరీక్షకు సరిపోతుంది కానీ, పొలంలో మోటారు స్టార్టర్ ముందు నిలబడ్డ రైతుకు చాలదు. అక్కడ కరెంటుకు దారి ఇచ్చేదీ, అడ్డు తగిలేదీ అతని చర్మమే. అది ఒక్కో వేళ ఒక్కోలా ఉంటుంది.

పొడిగా ఉన్నప్పుడు శరీర నిరోధం లక్ష ఓమ్‌ల దాకా ఉండొచ్చు. ఆ లెక్కన 230 వోల్టులకు ఒంట్లో పారే కరెంటు 2.3 మిల్లీ ఆంపియర్లు. జివ్వుమంటుంది, అంతే. చర్మం తడిస్తే నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. అప్పుడు కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. పది దాటితేనే కండరాలు బిగుసుకుని తీగను వదల్లేని స్థితి వస్తుంది. వంద ప్రాంతంలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. (నిజానికి ఈ వోల్టేజి దగ్గర పొడి చర్మం కూడా ఎంతోసేపు కాపాడలేదు.)

అలాగని తప్పంతా నీటిది కాదు. శుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. అందులో కరిగిన లవణాలే అయాన్లుగా విడిపోయి విద్యుత్తును మోస్తాయి. బోరు నీళ్లలో లవణాలకు కొదవ లేదు. చెమట సంగతి సరేసరి.

నేలదీ ఇదే తంతు. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసేది మట్టి నిరోధం తగ్గించడానికే. మే నెలలో ఆ గుంత ఎండిపోతే, మోటారు బాడీకి కరెంటు లీకైనా నేలలోకి తగినంత పారదు. ఫ్యూజు పోదు. ఎవరో ముట్టుకునే దాకా సంగతి బయటపడదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుట్టిన చోట ఆ కాస్త రక్షణా ఉండదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్ వచ్చింది. విడతలవారీ సరఫరా కావడంతో ఎందరో రైతులు రాత్రివేళ, తడి కాళ్లతో స్టార్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల సరఫరా మొదలైంది. ఉచిత యూనిట్ల మీద సాగినంత వాదన ఆర్‌సీసీబీ మీద సాగలేదు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన దానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే, సెకనులో చిన్న భాగంలోనే సరఫరా ఆపే పరికరం అది. పాత మోటార్లకు పెడితే ఊరికే ట్రిప్ అవుతోందని పీకేసేవారూ ఉంటారు. అలా ట్రిప్ అవుతుంటే ముందు చూపించాల్సింది మోటారు వైండింగ్, కేబుల్ జాయింట్లు.