దూరపు కొండలు, దగ్గరి అనుమానాలు

గ్రహాంతర జీవుల సమాచారాన్ని మతసంస్థలు లోకానికి తెలియకుండా దాచి ఉంచినవని చెప్పే టెలివిజన్ కార్యక్రమాలకు మన విద్యార్థులలో గల ఆదరణ తక్కువైనది కాదు. ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లో ప్రకటించిన గ్రంథం ఆధారంగా అమెరికా టెలివిజన్ 1973లోనే ఒక చిత్రాన్ని ప్రసారం చేసినది. 2009లో హిస్టరీ ఛానల్‌లో మొదలైన ‘ఏన్షియంట్ ఏలియన్స్’ దానినే ఏళ్ల తరబడి సాగదీసినది. దేవాలయ శిల్పం కనబడినా, పురాణంలోని పుష్పకవిమానం కనబడినా వారికి అంతరిక్ష నౌకయే. ఆ ఊహల జోలికి మేము పోము. వాటికన్‌పై మోపిన అభియోగమొక్కటి తీసుకొని, అందులో సత్యమెంతో విచారించదలచినాము.

అభియోగం ఇది: రోమన్ కాథలిక్ పీఠం అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, గ్రాహం పర్వతంపై, ‘లూసిఫర్’ అనే పేరుగల దూరదర్శినిని నిలిపి అన్యలోకవాసుల రాకకై రహస్యంగా ఎదురుచూస్తున్నదట, పూర్వపు సాక్ష్యాలన్నీ రోములోని ‘రహస్య భాండాగారం’లో పదిలంగా ఉన్నవట.

ఆ పర్వతంపై వాటికన్ దూరదర్శిని ఉన్న మాట నిజం. దాని దర్పణం వ్యాసం సుమారు 1.8 మీటర్లు, 1993లో ప్రారంభమైనది. లూసిఫర్ అనే పేరు ఉండిన మాటా నిజమే. కాని ఆ పేరు వాటికన్ దూరదర్శినిది కాదు. అదే కొండపై 8.4 మీటర్ల దర్పణాలు రెండింటితో వేరొక మహాదూరదర్శిని ఉన్నది. జర్మనీ పరిశోధనా సంస్థలు నిర్మించి దానికి అమర్చిన పరారుణ కిరణ పరికరం పొడవైన పేరులోని అక్షరాలను ఏరి కూర్చగా ఏర్పడిన మాట అది. ఆ మహాదూరదర్శిని భాగస్వాములలో వాటికన్ లేదు. పరికరం పేరును సైతం 2012లో ‘లూసీ’ అని కుదించినారు. లాటిన్ భాషలో లూసిఫర్ అనగా వెలుగును తెచ్చేది, అనగా మన వేగుచుక్క. సైతానుకు ఆ పేరు తరువాత అంటినది. భాండాగారం సంగతీ ఇంతే. లాటిన్‌లో దాని పేరులోని ‘సెక్రెతుమ్’ అను పదానికి అర్థం పోపుగారి సొంత, ఆంతరంగిక పత్రాలని. 1881లో పదమూడవ లియో పోపు దానిని పండితులకు తెరిచినారు. అపార్థాలకు తావిస్తున్న ఆ పదాన్ని 2019లో ఫ్రాన్సిస్ పోపు తొలగించినారు. సెక్రటరీ అను మాటా ఆ ధాతువునుండి పుట్టినదే. మన కళాశాల సంఘానికీ ఒక సెక్రటరీ ఉన్నారు. వారిపై ఇట్టి కార్యక్రమమేదీ ఇంకను రాలేదు!

ఇక దాచినారనుట. 2008లో వాటికన్ నక్షత్రశాల సంచాలకులు, జెసూయిట్ ఫాదర్ హోసే గాబ్రియేల్ ఫూనెస్, వాటికన్ సొంత దినపత్రికలోనే ఈ విషయమై మాట్లాడినారు. అన్యలోకాలలో ప్రాణులున్నవని నమ్ముట దైవవిశ్వాసానికి విరుద్ధం కాదనీ, వారిని సోదరులనవచ్చుననీ వారి భావం. 2009 నవంబరులో పాంటిఫికల్ విజ్ఞాన పరిషత్తు ఇతర గ్రహాలపై ప్రాణిసంభవాన్ని గూర్చి శాస్త్రజ్ఞులను పిలిచి సదస్సు జరిపినది. రహస్యం దాచదలచినవాడు వార్తాపత్రికలో వేయించుకొనునా? ఈ ఆలోచన మనకును పరాయిది కాదు. ఖుర్‌ఆన్ షూరా అధ్యాయం 29వ వాక్యంలో, భూమిలోనేగాక ఆకాశాలలోను దైవం వ్యాపింపజేసిన ప్రాణుల ప్రస్తావన ఉన్నదని మన ఉర్దూ శాఖ విద్యార్థులకు తెలుసు.

ఈ కట్టుకథల మూలంగా జరుగుతున్న అసలు నష్టం వేరొకటి. గ్రాహం పర్వతం అక్కడి శాన్ కార్లోస్ అపాచీ ప్రజలకు పవిత్రస్థలం. అక్కడ దూరదర్శినుల నిర్మాణానికి 1988లో అమెరికా కాంగ్రెసు, పర్యావరణ శాసనాలకు మినహాయింపునిస్తూ అనుమతించినది. అపాచీలు అభ్యంతరం చెప్పినారు, న్యాయస్థానాలకెక్కినారు. ఆ పర్వతం పవిత్రమనుటకు తగిన ఆధారాలు కనబడవని 1992లో నాటి వాటికన్ నక్షత్రశాల సంచాలకులు ఫాదర్ జార్జ్ కోయిన్ వాదించినారు. ఒక మతసంస్థ మరొక ప్రజ యొక్క పవిత్రస్థలానికి రుజువు అడుగుట! వాటికన్‌ను నిలదీయవలసిన ప్రశ్న ఇది. ఇందులో దాపరికం లేదు. పత్రాలు, తీర్మానాలు, తీర్పులు అన్నీ బహిరంగమే. అయినను లూసిఫర్ కథ విన్నవారిలో అపాచీల పేరు విన్నవారెందరు? సైతాను పేరుకు ఉన్న ఆకర్షణ ఒక చిన్న తెగ మొరకు లేదు.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొంటున్న మనం ఈ విషయంలో మరింత మెలకువగా ఉండవలసి ఉన్నది. మూసిన తలుపు వెనుక, అర్థంకాని భాషలో ఏదో జరుగుతున్నదనే వదంతి ఎట్లా పుడుతుందో, ఎంత వేగంగా ఇల్లిల్లూ తిరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మదర్సాను గూర్చిన మాట విని నొచ్చుకొనే మనమే, క్రైస్తవ మఠాన్ని గూర్చిన మాటను రాత్రి భోజనానంతరం వినోదంగా ఆలకించుట ఏమి న్యాయం? రెండు కథల అల్లికా ఒక్కటే.

వాటికన్ నక్షత్రశాలకూ మన నగరానికీ నిజమైన బంధుత్వమొకటి ఉన్నదని ఏ కార్యక్రమమూ చెప్పగా మేము వినలేదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలోకి ఎక్కించుటకు సంకల్పించి, దానిని వరుసలుగా దేశదేశాల నక్షత్రశాలలకు పంచినారు. ఉత్తరాన 55 నుంచి 64 డిగ్రీల వరకు వాటికన్‌కు వచ్చినది. దక్షిణాన 17 నుంచి 23 వరకు గల వరుస పిమ్మట హైదరాబాదు నిజామియా నక్షత్రశాల వంతైనది. నవాబ్ జఫర్‌జంగ్ 1901లో స్థాపించిన ఈ నక్షత్రశాల 1908లో నిజాం ప్రభుత్వానికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది. అక్కడ రోములో 1910 మొదలు 1921 వరకు నలుగురు సన్న్యాసినులు ఫలకాలపై కళ్లుంచి సుమారు 4 లక్షల 80 వేల నక్షత్రాల స్థానాలు కొలిచినారు. ఇక్కడ బేగంపేటలో పోకాక్, భాస్కరన్ మొదలగువారి ఆధ్వర్యంలో 7 లక్షలకు పైగా నక్షత్రాలు పట్టికలకెక్కినవి. ఆ పట్టికలు ముద్రితాలు, ఎవరైనను చూడవచ్చును.

కళాశాల సంఘం వారికి మా మనవి ఒక్కటి. సామాన్యమైన దూరదర్శినినొకదానిని విజ్ఞానశాస్త్ర విభాగానికి తెప్పించవలెను. ప్రతి సంవత్సరం షాబాన్ 29వ నాటి సాయంకాలం రంజాన్ నెలవంక కోసం విద్యార్థులు ఎలాగూ మేడమీదికి ఎక్కుతారు. ఆ రోజున దానిని అక్కడ నిలిపి, మతభేదం లేకుండా పేటలోని వారందరికీ మేడమెట్ల తలుపు తీసి ఉంచవలెను.