నాటకమునకు దస్తరమేల?

"నాటకము నీటిమీది వ్రాత. తెర పడిన పిమ్మట దానికి దస్తరమేల?" అని మన సంఘములోని పెద్దలు కొందరనుచున్నారు. వారియెడ నాకు గౌరవము కలదు. వారి మాటయెడ లేదు. నేసిన ప్రతి మీటరుకును లెక్క వ్రాయనిదే దీపమార్పని ఊరు మన భివండీ. అట్టి ఊర, రాత్రుల తరబడి నిద్ర కాచి ఆడిన నాటకమునకు ఒక్క కాగితమైనను మిగుల్పకుండుట వినయము కాదు, అశ్రద్ధ.

విశ్వవిద్యాలయ నాటకశాలయనగానే తెలుగువారికి స్ఫురింపవలసినది వాల్తేరు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1940ల దశకములో ప్రయోగాత్మక నాటకశాల యొకటి వెలసినది. దానికి ప్రాణము పోసినవారు కూర్మా వేణుగోపాలస్వామిగారు, అబ్బూరి రామకృష్ణారావుగారు. ఎర్‌స్కిన్ స్క్వేరు ఆరుబయలు రంగస్థలము పేరు ఆ కృషితో ముడివడియున్నది. ఇందొక విశేషము గమనింపుడు. వేణుగోపాలస్వామిగారు విశ్వవిద్యాలయమునకు రిజిస్ట్రారు; రామకృష్ణారావుగారు గ్రంథాలయాధికారి. ఒకరి ఉద్యోగము దస్తరములను కాపాడుట, వేరొకరిది గ్రంథములను కాపాడుట. నాటకమునకును దస్తరమునకును పొత్తు కుదరదనువారు ఈ యిరువురికేమని బదులు చెప్పుదురు?

విశ్వవిద్యాలయ నాటకశాలకు పుట్టుకతోనే యొక శాపము కలదు. దాని నటులు విద్యార్థులు. ప్రతి వేసవియందును పరీక్షలు ముగియును. ఒక తరగతి వెడలిపోవును. మాట పలికిన తీరు, దీపము నిలిపిన చోటు, సభ నవ్విన ఘట్టము, అన్నియు వారితోడనే వెడలిపోవును. ప్రదర్శన ప్రతియు, నటుల పట్టికయు, ఛాయాచిత్రములును, జమాఖర్చును దాచనిచో అచట ప్రతి సంవత్సరమును మొదటి సంవత్సరమే.

మన స్థితి వేరా? వేసవి రాగానే పెండ్లిండ్లకని పద్మనగరు ఇండ్లకు తాళములు పడును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ పల్లెలకు మనవారు తరలుదురు. కొందరు మరల సాంచా మొగము చూడరు. కిందటి యేడు కథానాయకుడైనవాడు ఈ యేడు ఏ యూరనున్నాడో! వాని వేషము జ్ఞప్తిలోనున్న ముసలివారును ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు.

ఇక పొరుగువారి ఋణము మాట. విష్ణుదాస్ భావే 1843లో సాంగ్లీలో సీతాస్వయంవరమును ప్రదర్శించి మరాఠీ రంగస్థలమునకు నాంది పలికెను. ధార్వాడ నాటక సమాజము వారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఆడిన పిదపనే కందుకూరి వీరేశలింగంగారు 1880లో తమ విద్యార్థులచేత తెలుగు నాటకము ఆడించిరి. 1885లో కడప మండలమున కీచకవధతో ఆరంభమైన సురభి కుటుంబములవారు మరాఠీ మూలమువారే. మరాఠీ సీమనుండి వచ్చినవారు మనకు రంగస్థలము నిలిపిరి. మనము మరాఠీ సీమకు వచ్చి మగ్గము నిలిపితిమి. ఈ కథ మనకు తెలిసినదెట్లు? ఎవరో పూనుకొని వ్రాసియుంచిరి గనుక. రేపు మరాఠీ సోదరులు "మీరిచట ఏమి ఆడితిరి?" అని అడిగినచో మనము చూపగల కాగితమేది?

"దస్తరములు విశ్వవిద్యాలయములకు చెల్లును, సాంచాలవారికి కాదు" అనుట మరియొక వాదము. ఇది ఆత్మనింద. కూనపులివారు విప్పి చూపు మార్కండేయ పురాణ పటము ఏమిటి? అది బట్టమీద వ్రాసిన నాటక దస్తరము కాదా? కథ ఏ ఘట్టము తరువాత ఏ ఘట్టమో, భావనారాయణుడు ఏ వన్నెలో నుండవలెనో తెలుపు ఆ పటమును చేర్యాల నకాషీలు వ్రాసిరి, పద్మశాలీలు పోషించిరి. చదువురాని కాలమున మన తాతలు చేసిన పనికి, చదువుకొన్న మనము వెనుకాడుటయా?

"ఖర్చెవరు భరింతురు?" అనువారికి ఒకే మాట. దీనికి భవనమక్కరలేదు. ఒక ఇనుప పెట్టె, ఒక లెక్కల పుస్తకము చాలును. ఈ వేసవినుండియే ఆడిన ప్రతి నాటకమునకును తేదీ, స్థలము, నటుల పేర్లు, తెరవెనుక పనిచేసినవారి పేర్లు, జమాఖర్చు వ్రాయుదము. దిద్దుబాట్లతో సహా ప్రదర్శన ప్రతిని దాచుదము. ముసలివారిని కూర్చుండబెట్టి వారి మాటలను జేబులోని ఫోనులోనే ఎక్కింతము. అన్నింటికిని రెండు ప్రతులుంచి, రెండవదానిని ఊరి వెలుపల నొక గ్రంథాలయమున కప్పగింతము. ఎందుకందురా? 1970లోను, 1984లోను అల్లర్లలో తగులబడిన ఊరిది. ఆ రెండును వేసవిలోనే, మే నెలలోనే సంభవించినవి. అగ్గికి ఏ కాగితము విలువైనదో తెలియదు.

మెహతాజీ పుస్తకములో మన పేరు ఎదుట మీటర్లును, బాకీయు మాత్రమే ఉండును. మన మనుమలకు మిగులునది ఆ పుస్తకమొక్కటియే యైనచో, వారు మనలను సాంచాతో పాటు తిరిగిన యంత్రములనుకొందురు. పగలంతయు చెవులు గింగురుమను చప్పుడులో నిలిచి, రాత్రి మొగమునకు రంగు పూసికొని రాజులైన మనుష్యులమని వారికి తెలియవలదా? తెలియవలెననువారు ఈ వేసవికి ఒక పుస్తకము కొని, మొదటి పుటపై తేదీ వేయుదురు గాక!