తిరిగివచ్చిన హంతకుడు

అపరాధ పరిశోధక నవలలయందు మన పాఠకులకు గల మక్కువ నేటిది కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని చేతబట్టి తెల్లవార్లు మేల్కొనినవారు పట్టణములందేగాక పల్లెలందును పెక్కురు గలరు. ఆ యభిరుచి యిపుడు చలనచిత్రములకు ప్రాకినది. వానియందొక కథ మరిమరి కానవచ్చుచున్నది. ఏండ్ల క్రిందట వరుసగా హత్యలు గావించి మాయమైన దుర్మార్గుడొకడు మరల వచ్చును. పాత గుర్తులతో క్రొత్త శవము బయల్పడును. ఉద్యోగము మానుకొన్న పరిశోధకుని బ్రతిమాలి పిలుచుకొని వత్తురు. ఆతని బుద్ధిబలమున హంతకుడు పట్టుబడును. పాఠకుడు నిట్టూర్చి దీపమార్పును.

ఇట్టి కథలు చదువరాదని మేమనము. కాని యీ కథ యొక భ్రమను మన మనసులలో నాటుచున్నది. హంతకుడెక్కడికో పోయి తిరిగివచ్చెననుటయే యా భ్రమ. జరిగిన చరిత్రలను పరిశీలించినచో, అతడు సాధారణముగా మన నడుమనే యుండెననియు, అతనిపై నుండవలసిన దృష్టియే పోయి తిరిగివచ్చినదనియు తేటపడును.

బొంబాయి నగరపు శివారులలో 1965, 1966 సంవత్సరములందు రైలుమార్గము వెంబడి గుడిసెలలోను కాలిబాటలమీదను నిద్రించు నిరుపేదలపై రాత్రివేళ దాడులు జరిగెను. 19 మంది దెబ్బతినగా వారిలో 9 మంది మరణించిరి. ఆ ప్రాంతమున ననుమానాస్పదముగా తిరుగుచుండిన రామన్ రాఘవ్ అనువానిని పోలీసులు పట్టుకొని ప్రశ్నించి, తగిన సాక్ష్యము లేనందున విడిచిపుచ్చిరి. సాక్ష్యము లేనివానిని విడుచుట న్యాయమే. కాని 1968లో హత్యలు మరల చెలరేగెను. అప్పుడు నేరపరిశోధక శాఖలోని రమాకాంత కులకర్ణిగారు దర్యాప్తు చేపట్టిరి. ఆగష్టు 27వ తేదీన అలెక్స్ ఫియాలో యను సబ్ ఇన్‌స్పెక్టరు, పాత ఛాయాచిత్రములను ఆనవాళ్లను జ్ఞప్తియందుంచుకొనినవాడగుటచే, వానిని గుర్తించి పట్టుకొనెను. వ్రేలిముద్రలు సరిపోయినవి. నలుబదికి పైగా హత్యలు చేసితినని వాడొడంబడెను. న్యాయస్థానము మరణశిక్ష విధించినను, మతి చెడినవాడని వైద్యులు నిర్ణయించుటచే నది యావజ్జీవ శిక్షగా మారెను. వాడు 1995లో మరణించెను.

ఇందు నవలలోని మేధావి హంతకుడెక్కడ? మహాప్రజ్ఞావంతుడగు పరిశోధకుడెక్కడ? ఒక మతిచెడినవాడు, ఒక పాత ఛాయాచిత్రము, ఒక చిన్న యధికారి శ్రద్ధ, ఇంతియే. 2016లో వచ్చిన హిందీ చలనచిత్రమొకటి రామన్ రాఘవ్ పేరునే తన పేరుగా పెట్టుకొన్నది. గుడిసెలలో హతులైన వారి పేరొక్కటియైన మనలో నెవరు చెప్పగలరు? ఆ దాడులు కాలిబాటమీద గాక మలబారు కొండమీది మేడలలో జరిగియున్నచో, నగరము వానిని రెండేండ్లు మరచియుండెడిదా?

ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. ఉత్తర ఇంగ్లండులో పీటర్ సట్క్లిఫ్ అనువాడు 1975 మొదలు 1980 వరకు 13 మంది స్త్రీలను చంపెను. పోలీసులు వానిని తొమ్మిదిమారులు ప్రశ్నించి తొమ్మిదిమారులు విడిచిరి. ఒకచోటి చీటిలో నున్న సంగతి మరియొకచోటి యధికారికి తెలియదు; చీటీలు గుట్టలుగా పడియుండెనేగాని వానిని జతపరచినవారు లేరు. ఎవడో పరిహాసమునకు పంపిన కంఠధ్వనిని నమ్మి దారితప్పిరి. తుదకు 1981 జనవరిలో, బండికి దొంగ నంబరు తగిలించినందులకు వాడు దొరకెను. హతులలో కొందరు పడుపువృత్తిలోని వారగుటచే, వారొక తెగ యనియు, తక్కినవారే నిర్దోషులనియు నాటి యధికారులు పలికిరి. అట్టి మాటలకు పశ్చిమ యార్కుషైరు పోలీసు శాఖ 2020లో గాని క్షమాపణ చెప్పలేదు.

ఇక నిజముగ తిరిగివచ్చినవాడని పేరొందిన డెన్నిస్ రేడర్ సంగతి చూడుడు. అమెరికాలోని విచిటా ప్రాంతమున 1974 మొదలు 1991 వరకు వాడు 10 మందిని చంపెను. పిదప 2004లో నగర పత్రికకు లేఖ వ్రాసి తన యునికిని చాటుకొనెను. ఈ నడుమ వాడే దేశాంతరమునకును పోలేదు. పురపాలకోద్యోగము చేయుచు, చర్చి సంఘమున కధ్యక్షత వహించుచు, ఇరుగుపొరుగువారి మన్ననలతో నుండెను. వాడు పంపిన ఫ్లాపీ డిస్కులో చర్చి పేరును తన పేరును దాగియుండి వానిని పట్టియిచ్చినవి. కాని 1974 నాటి హత్యాస్థలమున సేకరించిన నమూనాను పోలీసులు ముప్పదియేండ్లు భద్రపరచియుండకున్నచో, 2005లో జన్యుపరీక్ష వానిపై నేరమునంత గట్టిగా నిలిపియుండెడిది కాదు. పట్టినది మేధ గాదు, భద్రపరచిన బీరువా.

అట్లని యనుమానమున్న ప్రతివాని పేరును పుస్తకమున కెక్కించి వేటాడవలెనని మా యభిప్రాయము కాదు. ఆ మార్గము మన తెలుగుదేశ మెరిగినదే. 1871లో బ్రిటిషు ప్రభుత్వము తెచ్చిన నేరస్థ తెగల చట్టము పుట్టుకనే నేరముగా నెంచినది. స్టువర్టుపురము వంటి నివేశనములలో ఎరుకల కుటుంబములు హాజరు చెప్పుకొనుచు బ్రతికినవి. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. లెక్కయుండవలసినది నేరమునకు, సాక్ష్యమునకు. కులమునకును దారిద్ర్యమునకును గాదు.

2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 173వ విభాగము ప్రకారము, నేరమెచట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు నమోదుచేయవలెను. ఏడేండ్లుగాని యంతకుమించిగాని శిక్షపడదగు నేరములందు శాస్త్రపరీక్షకులు స్థలమునకు వచ్చి యాధారములు సేకరింపవలెనని 176వ విభాగము చెప్పుచున్నది. చట్టమునకు లోపము లేదు. కాని కూలివాని కుమార్తె కానరాలేదన్నప్పుడు, ఎవరితోనో పోయినదని చెప్పి తండ్రిని గుమ్మమునుండియే మరలించు ఠాణాలో నీ విభాగములేమి చేయగలవు? మొదటి ఫిర్యాదు కాగితమెక్కకున్నచో రెండవ హత్యకు మొదటిదానితో సంబంధము కనుగొనువారెవరు?

ఇచట మన పాఠకులు చేయదగినది గలదు. పొలము గలవారికి పాలేరు లుందురు. పట్టణవాసికి పనిమనిషి యుండును. వారి యింట నొకరు కానరాకుండిన దినమున, చదువు వచ్చిన మీరు వెంటవెళ్లి ఫిర్యాదు వ్రాయించి, దాని నకలు చేతికి వచ్చువరకు ఠాణా విడువకుడు. నెల గడచిన పిమ్మట మరల వెళ్లి యడుగుడు. పేదవాని మరణము తెల్లవారగనే మరపునకు వచ్చునని హంతకుడు నమ్మినంతకాలము వాడు నిర్భయుడై యుండును. ఆ నమ్మకమును చెరపుట పోలీసుల పనియేగాక మన పనియును.