పాత పోర్షె ధర తగ్గింది, రిపేరు బిల్లు తగ్గలేదు

మన ఐటీ జనాలకి ఓ వయసొచ్చాక రెండు కోరికలు పుడతాయి. ఒకటి సొంతిల్లు, రెండోది రెండే తలుపులున్న కారు. ఇంటి గురించైతే సలహాలివ్వడానికి బాబాయిల నుంచి టీమ్ లీడ్ దాకా అందరూ రెడీ. రెండోదాని గురించి అడిగితే మాత్రం "నీకేమన్నా పిచ్చా?" అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తారు. కాబట్టి ఆ లెక్కలేవో మనమే వేసుకోవాలి.

నేనుండేది డాలస్ దగ్గర. 1997 నుంచి 2004 దాకా ఇక్కడ అమ్మిన మొదటి తరం పోర్షె బాక్‌స్టర్ కొత్తలో దాదాపు నలభై వేల డాలర్లు. ఇప్పుడు పదివేలకి అటూ ఇటూగా దొరుకుతోంది, అంటే ఓ సెకండ్ హ్యాండ్ క్యామ్రీ ధర. "అరె, మనక్కూడా అందుతుందే!" అనిపిస్తుంది. మెలిక అక్కడే ఉంది. పడిపోయింది కారు ధర ఒక్కటే. విడిభాగాల ధరలూ, మెకానిక్ గంట కూలీ పడిపోలేదు. కొన్నది పదివేల కారే అయినా బిల్లులు మాత్రం నలభై వేల కారువే వస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఇరవయ్యేళ్ళ నాటి లెగసీ అప్లికేషన్ లాంటిదన్నమాట. లైసెన్సు చవకే, మెయింటెనెన్సే మన నెత్తిన.

ఉదాహరణకి ఐఎమ్మెస్ బేరింగ్ సంగతి తీసుకోండి. ఇంజన్ లోపల ఒక షాఫ్టుని మోసే చిన్న బేరింగ్ అది. అన్ని కార్లలోనూ పోదు గానీ, పోతే మాత్రం ఇంజన్‌నే తీసుకుపోగలదు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. క్లచ్ మార్చాలన్నా దించాల్సిందే. అందుకే తెలిసినవాళ్ళు రెండూ ఒకేసారి చేయిస్తారు, కూలీ ఒక్కసారే పడుతుంది కదా. నేను అడిగిన మెకానిక్ రెండింటికీ కలిపి మూడు వేల పైమాటే అన్నాడు. కాబట్టి ఆ పని చేయించిన రసీదు చూపించేవాడు వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ చెప్పినా అదే చవక బేరం.

నా లెక్క ఇదీ. చేతిలో 15,000 ఉంటే 10,000 దాటిన కారు వైపు చూడకూడదు. మిగిలిన 5,000లో, కొనేముందు ఆ కార్లు తెలిసినవాడితో చూపించడానికి 300. టెక్సస్‌లో 6.25 శాతం పన్ను, రిజిస్ట్రేషన్ కలిపి 700. టైర్లకి 800. టైర్ల అరుగుదల చూసి మురిసిపోకండి. పక్కగోడ మీదుండే డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2312 అని ఉంటే అది 2012లో 23వ వారంలో తయారైందని. అంత ముసలి రబ్బరుతో హైవే ఎక్కడం సాహసం కాదు, తెలివితక్కువతనం. ఇక బ్రేకులు, హోసులు, ఆయిళ్ళు అన్నీ కలిపి 1,200. మిగిలిన రెండు వేలూ మనం ఊహించని దానికి. ఆ తర్వాత నెలకి 200 చొప్పున ఆ ఖాతాలో పడుతూనే ఉండాలి, కారు బాగున్న నెలలో కూడా.

2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. డాలస్ వైపు పొగ పరీక్ష ఉంది గానీ, 24 ఏళ్ళు దాటిన కార్లకి అదీ లేదు. ఖర్చు తగ్గిందని సంబరపడేవాళ్ళున్నారు. నా దృష్టిలో అది మన బడ్జెట్‌లో కొత్తగా చేరిన పద్దు. బ్రేకులు ఎలా ఉన్నాయో అడిగేవాడు లేనప్పుడు మనమే ఏడాదికోసారి చూపించుకోవాలి.

అసలు సంగతికొద్దాం. అప్పు చేసి మాత్రం ఈ కారు కొనొద్దు. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. 2022, 2023 లేఆఫులప్పుడు ఆ 60 రోజులు ఎంత చిన్నవో చాలామందికి తెలిసొచ్చింది. ఆ గడువులో ఇంటర్వ్యూలకి చదువుకోవాలా, గేర్‌బాక్సు దించి ఉన్న కారుకి బేరం వెతుక్కోవాలా? ఆర్నెల్ల ఖర్చులు బ్యాంకులో ఉండాలి, ఇంటికి పంపాల్సింది పంపేసి ఉండాలి. ఆ తర్వాతే ఈ సరదా.

ఆఫీసుకెళ్ళడానికి వేరే కారు కూడా ఉండి తీరాలి. విడిభాగం కోసం రెండు వారాలు ఆగగలిగినవాడే చవకగా బాగుచేయించుకోగలడు. రేప్పొద్దున్నే అదే కారులో ఆఫీసుకెళ్ళాల్సినవాడు మెకానిక్ అడిగినంతా ఇచ్చుకుంటాడు.

"ఇన్ని లెక్కలు వేసుకుంటే ఇంక సరదా ఏముందిరా?" అన్నాడు మా రూమ్మేట్. వాడు ఆరేళ్ళ లోనుతో కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. దాని ధరా ఏటా పడిపోతూనే ఉంటుంది, అయినా వాణ్ణి పిచ్చోడని ఎవరూ అనలేదు. పాత కారు మోజు తప్పని నేననను. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటమే తప్పు. అంకుశానికి డబ్బులు పక్కన పెట్టుకున్నవాడు నిశ్చింతగా టాపు దించుకుని తిరగొచ్చు.

ఏమంటారు?