కోట కూలెను, బట్టీ వెలసెను

హైదరాబాదు నగరము ఉత్తరమునకు మేడ్చలు, శామీరుపేటల వైపు నానాటికి విస్తరించుచున్నది. నగరము పెరిగినకొలది నేల వెల పెరుగును. నేల వెల పెరిగినకొలది పాత గోడ భారముగ దోచును. తెలంగాణమున ఎన్నియో యూళ్లలో బురుజులును గఢీలును శిథిలములై నిలిచియున్నవి. వానిని కూల్చి స్థలము నమ్ముకొనుట మేలని కొందరందురు. ఏదైన వ్యాపారమున కిచ్చి ఆదాయము గడించుట మేలని మరికొందరందురు. పాత కట్టడమునకు క్రొత్త పని కల్పించుట దోషమని మేము చెప్పము. కాని ఆ పని యెవరి మేలుకొరకు, ఎవరి సమ్మతితో జరుగుచున్నదని యడుగుట ప్రజల హక్కు. ఈ ప్రశ్న నడుగక పోయినచో నేమగునో తెలియగోరువారు తూర్పుగోదావరి సీమలోని సామర్లకోట చరిత్రను చదువవలెను.

ఐరోపాలో మధ్యయుగపు కోటలు బీరు బట్టీలైన వృత్తాంతములు కలవు. బవేరియాలోని కాల్టెన్‌బర్గు కోట 1292లో కట్టబడినది. అది పలుమారులు దెబ్బతినియు మరల లేచినది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున అందు బీరు కాచుట ప్రారంభమయ్యెను. అయినను కోట కూలలేదు. ఆ కోట పేరనే బీరు అమ్ముడుపోయెను. కోట పాదమున ప్రాచీన వీరుల అశ్వయుద్ధ క్రీడలను జూచుటకు వేలకొలది జనులు చేరుచు వచ్చిరి. కోటను బవేరియా రాజవంశీయులే ఏలుకొనిరి. తమ యింటి గోడను తామే కూల్చుకొందురా?

మన కథ వేరు. కాకినాడకు చేరువనున్న సామర్లకోటకు పేరులోనే కోట కలదు. పట్టణమును ఆనుకొనియున్న భీమవరమున తూర్పు చాళుక్యుల నాటి కుమారారామ భీమేశ్వరాలయము, పంచారామములలో నొకటి, నేటికిని నిలిచి పూజ లందుకొనుచున్నది. వేయి యేండ్ల గుడి నిలిచినది. కోట మాత్రము నిలువలేదు. గుడిని జనులు విడువలేదు, కోట జనుల చేతిలో లేదు. ఇంతకన్న వేరు కారణము వెదకనక్కరలేదు.

ఇంగ్లీషు కంపెనీవారు 1786లో ఇచ్చట పటాలపు నివాసములను కట్టిరి. కాకినాడ దండునకు ఇది ఆరోగ్యస్థానమయ్యెను. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు 1781 మొదలు 1793 వరకు ఇక్కడి కంపెనీ తోటను నడపి, మిరియము మొదలుకొని చెరకు వరకు ఏ పైరు కంపెనీకి లాభకరమగునో పరీక్షించెను. ఆతని విద్యను మేము గౌరవింతుము. కాని ఆ విద్యను పోషించిన దొరల చూపు నేలపై గాక నేల యిచ్చు రాబడిపై నుండెను. ఆ రాబడికి కోటతో పనిలేదు. కావున 1838లో కోటను పడగొట్టిరి. 1868లో దండును సైతము ఎత్తివేసిరి.

ఎత్తివేసిన దండు పదునొకం డేండ్లకే తిరిగి వచ్చినది. ఏల వచ్చినదో వినుడు. 1879 మార్చిలో రంపదేశపు మన్యమున ఫితూరీ చెలరేగెను. కొండజనులకు కల్లు విలాసము కాదు, తరతరముల యాహారము. తమ చెట్టు తాము గీసికొని త్రాగుటకు వారిపై చిగురుపన్ను పడెను. దానికి తోడు సర్కారు క్రొత్త అబ్కారీ నిబంధనలను దెచ్చి, ఇంటి వాడుకకైనను కల్లు గీయరాదని నిషేధించి, గుత్తను పల్లపుసీమ షావుకార్ల కప్పగించెను. గుత్తదారుని నౌకర్లు కొండలెక్కిరి. మన్సబుదారు తన వంతు వసూలు తాను చేసెను. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి మొదలగువారు తిరుగబడి పోలీసు ఠాణాలను ముట్టడించిరి. వారి నణచుటకు పంపబడిన తెల్లసిపాయిల కొన్ని దళములు సామర్లకోటలో విడిసెను. చంద్రయ్యయు తమ్మన్నదొరయు 1880లో హతులైరి. తిరుగుబాటుకు మూలము మన్సబుదారుని దౌర్జన్యమును అబ్కారీ గుత్తయునే యని సర్కారు విచారణలోనే తేలెను.

ఇంత జరిగిన పిమ్మట సర్కారు నేర్చిన పాఠమేది? 1886లో మద్రాసు అబ్కారీ చట్టము వచ్చెను. ఊరూర నున్న చిన్న బట్టీలను మాన్పి, పెద్ద బట్టీలనుండియే సారా సరఫరా చేయు పద్ధతి స్థిరపడెను. ఆ శతాబ్దము ముగియుసరికి సామర్లకోటలో మద్రాసు పారీ కంపెనీవారి యాజమాన్యమున డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ వెలసెను. బెల్లమును శుద్ధిచేసి పంచదార తీయుట, సారా వంచుట దాని పనులు. కంపెనీ పేరులోనే అబ్కారీ యున్నది. దాచుకొనుటకు వారికి సిగ్గులేదు. కల్లు పన్నుపై తిరుగబడినవారిని అణచుటకు దండు విడిసిన యూరనే ఇరువదియేండ్లకు సారా బట్టీ పొగ లేచెను. కోట శత్రువును వెలుపల నాపును. బట్టీ జనుల కూలిని లోపలినుండి లాగును.

దీనికంతకు పరాయి దొరలనే నిందించి యూరకుందుమా? దొరలు పోయిరి. మద్యపాన నిషేధము మన జాతీయోద్యమపు ప్రతిజ్ఞ. 1937 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రమున అది సేలము జిల్లాలో మొదలయ్యెను. రాజ్యాంగపు 47వ అధికరణము దానిని ప్రభుత్వముల ధర్మముగ జెప్పెను. అయినను 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశముగారి మంత్రివర్గము ఈ నిషేధ సమస్య పైననే పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముల కెదురు నిలిచిరి. వారి యుద్యమము పండి 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను. ఖజానా ఖాళీ యనుచు 1997లో దానిని సడలించిరి. కోటను కూల్చిన వాదమే నిషేధమును గూడ కూల్చినది: రాబడి! బట్టీ కోటకన్న గట్టిదని, దొరతనము కన్న దీర్ఘాయువని రుజువయ్యెను.

కావున మేము కోరునది రెండు మాటలు. మొదటిది: సామర్లకోటలో ఒక శిలాఫలకము నిలుపవలెను. 1786, 1838, 1868, 1879 అను నాలుగు సంవత్సరములును, రంప వీరుల పేర్లును, అబ్కారీ బట్టీ ప్రస్తావనయు దానిపై నుండవలెను. బడిపిల్లలు దానిని చదువవలెను. రెండవది: 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టము కాగితముపై నిలిచిపోరాదు. మేడ్చలు, శామీరుపేటల చుట్టుపట్ల నేల బేరమున కెరగాక మునుపే ప్రతి యూరి బురుజును, గఢీని, పాత బావిని లెక్కవ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఎవరికైన అప్పగించుచో షరతులను తెలుగున ప్రకటింపవలెను.

గోడ పడిపోయిన కట్ట వచ్చును. ఎవరు పడగొట్టిరో, ఎందుకు పడగొట్టిరో మరచిన జాతి తన చేతులతోనే తక్కిన గోడలను పడగొట్టుకొనును.