పైనుంచి చూసే పోరు: ‘అసుర’ ఆటపై ఒక రసాయనవాది అభిప్రాయం

వీడియో ఆట అనే మాట వినబడగానే మన సంఘంలోని పెద్దలు రెండు వర్గాలుగా చీలిపోతున్నారు. పిల్లలు చెడిపోతున్నారని వాపోయేవారు కొందరు. కనీసం ఇంటిపట్టున ఉంటున్నారు కదా అని సరిపెట్టుకునేవారు మరికొందరు. ఈ రెండు వర్గాలలోనూ ఆటను ఆటగా పరిశీలించినవారు అరుదు. ఒక పదార్థం విషమో ఔషధమో తేల్చాలంటే ముందు దాని నిర్మాణం తెలియాలని మా శాస్త్రం చెబుతుంది. ఆ పద్ధతిలోనే ఒక ఆటను పరీక్షించి చూద్దాం. అది మన నేల మీదనే, హైదరాబాదులో తయారైన ఆట కావడం ఇందుకు మరొక కారణం.

హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో ‘అసుర’ అనే ఆటను విడుదల చేసింది. మేడ మీద నిలబడి వాకిట్లోని ముగ్గును చూసినట్లు, ఇందులో ఆటగాడు రణరంగాన్నంతటినీ పైనుంచి చూస్తాడు. తన వీరుడు ఎక్కడున్నాడో, శత్రువులు ఏ మూల నుంచి వస్తున్నారో ఒకే చూపులో తెలుస్తుంది. ఆలోచించేందుకు వ్యవధి మాత్రం ఉండదు. ఈ తరహా ఆటలకు పూర్వీకుడనదగినది 1982లో అమెరికాలో విలియమ్స్ సంస్థ వెలువరించిన ‘రోబోట్రాన్: 2084’. ఒక చేతి మీటతో నడవడం, రెండవ చేతి మీటతో కాల్చడం, నాలుగు దిక్కులా ముసురుకునే మరమనుషులు. నలభై ఏళ్లు దాటినా ఆ మూలసూత్రం మారలేదు.

‘అసుర’కు మరొక వంశం కూడా ఉంది. 1980 ప్రాంతంలో అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థులు రాసిన ‘రోగ్’ అనే ఆటలో, ఆడిన ప్రతిసారీ కంప్యూటరు కొత్త గుహలను తానే అల్లేది. వీరుడు చనిపోతే మళ్లీ మొదటికి రావలసిందే. మన వైకుంఠపాళిలో పై వరుస దాకా వెళ్లి పెద్ద పాము నోట పడినవారికి ఈ బాధ కొత్త కాదు. ‘అసుర’లోనూ అంతే. ప్రతి ఆటకూ గదులు మారతాయి. వీరుడు సంపాదించుకునే విద్యల వృక్షం కూడా మారిపోతుంది. నిన్న కుడి కొమ్మన దొరికిన విద్య నేడు దొరకకపోవచ్చు.

ఈ ఆటలో నాకు మిక్కిలి నచ్చిన గుణం ఇదే. మన విద్యావిధానానికి బట్టీ పట్టడం ఒక జబ్బు. ప్రశ్నపత్రం ఏటా ఒకే తీరున ఉంటే బట్టీ పట్టినవాడే మొదటివాడవుతాడు. ఇక్కడ ప్రశ్నపత్రం ప్రతిసారీ మారుతుంది కనుక జవాబులు కంఠస్థం చేసి లాభం లేదు, సూత్రం పట్టుకోవాలి. ఏ శత్రువు ఎంత దూరం నుంచి దూకుతాడు, ఇద్దరు కలిసి వస్తే ముందు ఎవరిని తొలగించాలి, ఉన్న కొద్దిపాటి వనరును బలానికి వెచ్చించాలా, వేగానికి వెచ్చించాలా అన్న విచారణ క్షణాలలో జరిగిపోవాలి.

యాంగోన్‌లో కాపురముండే మనకు మరొక సౌకర్యం కూడా ఉంది. ఇక్కడ కరెంటు గంటల లెక్కన వంతులవారీగా వస్తుంది. అంతర్జాలం సంగతి చెప్పనే అక్కరలేదు. ఒంటరిగా ఆడుకునే ఇటువంటి ఆటను ఒకసారి కొని దించుకుంటే, లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ ఆడుకోవచ్చు. చేతిఫోనులోని ఉచితపు ఆటలు అడుగడుగునా రత్నాలనీ, పెట్టెలనీ చూపించి పిల్లలచేత డబ్బు కట్టించే తీరుకంటే ఇది ఎంతో మర్యాదైన వ్యాపారం.

ఇక చికాకుల సంగతి. ప్రయోగశాలలో ఒక చర్య విఫలమైతే మేము ఉష్ణోగ్రతనో, ద్రావణినో, ఉత్ప్రేరకాన్నో ఏదో ఒక్కదానినే మార్చి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి మళ్లీ చేస్తాం. అప్పుడే దోషం ఎక్కడున్నదో తెలుస్తుంది. ఈ ఆటలో వీరుడు మరణించిన మరుక్షణం గది, విద్య, ఆయుధం, శత్రువుల పొందిక అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఓడినది తన చేతి తొందర వల్లనా, ఎంచుకున్న విద్య వల్లనా, కేవలం దురదృష్టం వల్లనా అన్నది తేల్చుకునే దారి పిల్లవానికి ఉండదు. బట్టీని ఓడించిన గుణమే కార్యకారణ విచారణను కూడా ఓడిస్తున్నదన్నమాట. దీనికి విరుగుడు లేకపోలేదు. 2014లో వచ్చిన ‘ది బైండింగ్ ఆఫ్ ఐజాక్: రీబర్త్’ అనే ఇదే జాతి ఆటలో ప్రతి అల్లికకూ ఒక బీజాక్షరమాల ఉంటుంది, దానిని తిరిగి ఇస్తే అదే గుహ మళ్లీ దొరుకుతుంది. కంప్యూటరు చూపే యాదృచ్ఛికత నిజానికి ఒక బీజం నుంచి పుట్టిన గణితమే కనుక ఇది సాధ్యం. సాధన చేయదలచిన పిల్లవానికి ఈ సదుపాయం ఇవ్వని ఆట, జవాబుపత్రం దిద్ది చూపించని ఉపాధ్యాయుని వంటిది.

మా అబ్బాయికి పదహారేళ్లు. ఈ చికాకు వాడికి ముదిరినప్పుడు, ప్రయోగశాలలో మేము రాసుకున్నట్లే ఒక నోటుపుస్తకం పెట్టమన్నాను. ఏ విద్యలు తీసుకున్నాడు, ఏ గదిలో పడిపోయాడు, అప్పుడు చుట్టూ ఎంతమంది ఉన్నారు, ఇవే పద్దులు. మూడు పుటలు నిండేసరికి, గోడవారగా వెనక్కి నడిచినప్పుడే ఎక్కువసార్లు చచ్చిపోతున్నానని వాడే కనిపెట్టాడు. నోటుపుస్తకం ఆట ఇచ్చినది కాదు, ఇంటి నుంచి వెళ్లినది.

రెండవ చికాకు, ఓటమి ఖరీదు. 2012లో స్వీడన్‌కు చెందిన ఇద్దరు యువకులు చేసిన ‘హాట్‌లైన్ మయామి’ కూడా పైనుంచి చూసే ఆటే. ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది, కానీ ఒక మీట నొక్కగానే అదే అంతస్తులో మళ్లీ మొదలవుతుంది. ఈ ఊరి వీధులలో చిన్‌లోన్ ఆడేవారిని మీరందరూ చూసే ఉంటారు. పేము బంతి నేల రాలితే ఎవరూ ఓడిపోరు. దానిని ఎత్తి మళ్లీ ఎగరవేస్తారు, అంతే. నేర్చుకోవడానికి ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. ‘అసుర’లో ఎంతోసేపు పోగుచేసుకున్నది ఒక పొరపాటుతో పోతుంది. అది ఉత్కంఠను పెంచే మాట నిజమే, కాని రాత్రి తొమ్మిదింటికి “ఇంకొక్కసారి” అనే మాటను పుట్టించేది కూడా అదే. (‘హాట్‌లైన్ మయామి’ నెత్తుటి ఆట, అమెరికాలో పదిహేడేళ్లు నిండినవారికే తగినదని నిర్ణయించారు. దానిని చిన్నపిల్లలకు సిఫారసు చేస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. అయితే అందులో శత్రువులందరూ పడిపోయాక సంగీతం చటుక్కున ఆగిపోతుంది; చేసిన హింస మధ్య నుంచే నడిచి బయటికి రావాలి. ఆ నిశ్శబ్దం చాలా ఆటలలో లేదు.)

మూడవది కంటికి సంబంధించినది. కంటపడిన మార్పుకు చేయి స్పందించడానికి సుమారు పావు సెకను పడుతుంది. తెర సెకనుకు 60 చిత్రాలు చూపిస్తుంటే అది 15 చిత్రాల కాలం. అంతకంటె తక్కువ హెచ్చరికతో వచ్చే దెబ్బను తప్పించుకోవడం నేర్పు కాదు, జోస్యం. గుంపు ముసిరినప్పుడు ఈ ఆటలో ఎవరి కత్తి ఎవరిదో నాకు తెలియడం లేదు. నా కళ్ల వయస్సును కొంత మినహాయించినా, పిల్లలకూ ఆ ఇబ్బంది ఉన్నది.

వేగవంతమైన ఆటలు చూపును పదును పెడతాయని గ్రీన్, బావెలియర్ అనే శాస్త్రజ్ఞులు 2003లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆటలు అలవాటు లేనివారికి రోజుకొక గంట చొప్పున పది రోజులు తర్ఫీదిచ్చి, దృష్టిని పంచుకునే శక్తి పెరిగిందని చూపారు. 2008లో బూట్, ఆయన సహచరులు అంతకంటె ఎక్కువ గంటలు ఆడించినా అటువంటి మెరుగుదల స్పష్టంగా కనబడలేదు. కనుక చదువుకు మేలన్న ఆశతో ఆట కొనేవారు ఆ ఆశను కొంత తగ్గించుకోవడం మంచిది.

చివరిగా పేర్ల సంగతి. ఈ ఆటలో అసురుడు తన చావుకు ప్రతీకారంగా దానవ వంశంపై యుద్ధం చేస్తాడు. అసురుడికి దానవులు శత్రువులెట్లా అయ్యారని మా అబ్బాయి నాయనమ్మను అడిగాడు. దితి కొడుకులు దైత్యులు, దనువు కొడుకులు దానవులు, ఇద్దరినీ కలిపి అసురులంటారని ఆవిడ చెప్పి, చచ్చినవారిని మృతసంజీవని విద్యతో లేపే శుక్రాచార్యుల దాకా వెళ్లారు. మళ్లీ మళ్లీ లేచే వీరుడి ఆటకు అంతకంటె తగిన మూలకథ ఎక్కడ దొరుకుతుంది? బడిలో ఇంగ్లీషు, వీధిలో బర్మీసు మాట్లాడే పిల్లవాడు ఆ గంటసేపూ తెలుగులోనే ప్రశ్నలడిగాడు. అయితే మేము చూసిన ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. హైదరాబాదులో పుట్టిన ఆటకు, పేర్లన్నీ మన పురాణాల నుంచే తీసుకున్న ఆటకు, తెలుగు పాఠం ఒకటి జతచేయడం పెద్ద శ్రమ కాదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ తొలి కూర్పులో చేరింది. అక్షరాలు దొరకలేదనే సాకు ఎవరికీ లేదు.